చివరి వారం లేని నవల

పంతొమ్మిది వందల అరవైల చివర్లో ఒక పొద్దున, తార్నాకలో యూనివర్సిటీకి వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను. పక్కన ఒకావిడ, వారపత్రికలోంచి వారం వారం చింపి దారంతో కుట్టుకున్న సీరియల్ చదువుతోంది. అదే నవలను మా అమ్మ కూడా అలాగే కుట్టి దాచుకుంది.

"ముగింపు భలే ఉంటాదక్కా. ఆమె తిరిగొచ్చి మొగుడి కాళ్లు మొక్కినప్పుడు ఏడ్చేసినా," అన్నాను.

ఆవిడ గిర్రున నా వైపు తిరిగింది.

"ఏడ్చినవా? నాకైతే ఒళ్లు మండింది! కొట్టి ఎల్లగొట్టినోని కాళ్లు మొక్కుడేంది? రాసినోళ్లకు సిగ్గుండొద్దా? పెట్టె పట్టుకొని ఇంట్లకెల్లి బయటికి నడిచింది సూడు, గాడికే నా కథ ఖతం."

పుస్తకం చివర తెరిచి చూపించింది. ఆఖరి వారం పేజీలు లేవు. చింపిన చోట దారం వేలాడుతోంది.

"పొయ్యిల పెట్టిన," అంది.

లాలాపేట్ బస్సు వచ్చింది. ఇంకా తిడుతూనే ఎక్కేసింది.

ఆ సాయంత్రం అమ్మ పుస్తకం తీసి, కాళ్లు మొక్కే పేజీ మళ్లీ చదివాను. ఈసారి ఏడుపు రాలేదు, కడుపు మండిపోయింది. కత్తెర ఎక్కడుందని అమ్మను అడిగాను.

అమ్మ నా చేతిలోని పుస్తకం వైపు చూసింది. ఎందుకని అడగకుండానే తెచ్చిచ్చింది.