బండి షోకొచ్చిన చుట్టం

బండి షోలో సినిమావాళ్లు ఎందుకని నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. వంటల ప్రోగ్రాంకి వచ్చిన నటి కనీసం ఉల్లిగడ్డ కోస్తుంది, కళ్లనీళ్లయినా నిజంవి వస్తాయి. బండి షోకి వచ్చినవాడు ఏం చేస్తాడు? డోరు తీసి ఎక్కుతాడు, "వావ్" అంటాడు, తన కొత్త సినిమా ముచ్చట చెప్పి దిగిపోతాడు. ఒక సీరియల్ హీరోయిన్ ఎండకి అడ్డం పెట్టుకునే రేకు కిందికి దించి, దానికున్న అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుని, "చాలా మంచి కారండీ, అద్దం ఎంత క్లియర్‌గా ఉందో!" అంది. ఆ ముక్క ప్రోమోలో వేశారు. అదే కారు క్లచ్ గురించి నేను చెప్పింది మొత్తం కోసేశారు.

ఆ షోకి, అంటే కొత్త బండ్లు నడిపి చూసి మంచీచెడూ చెప్పే టీవీ ప్రోగ్రాంకి, యాంకర్ని నేనే. ఊళ్లో నాన్న ట్రాక్టర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాను. పీజీ కోసం తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌కి వచ్చి లేడీస్ హాస్టల్లో ఉన్నాను, తర్వాత తార్నాకలోనే స్థిరపడ్డాను. షూటింగులు కూడా క్యాంపస్ రోడ్ల మీదే పెట్టేవాళ్లం. ఆదివారం పొద్దున అక్కడ రోడ్లు ఖాళీగా ఉంటాయి, చెట్లు బాగుంటాయి, స్పీడ్ బ్రేకర్లకు కొదవలేదు. బండి కుదుపు ఎంతో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు హైదరాబాద్‌లో నాకు తెలియదు.

"నీ గేరుబాక్సు ముచ్చట ఎవరు వింటరమ్మా? జనం మనుషుల్ని చూస్తరు, నట్లు బోల్టుల్ని కాదు" అనేవాడు మా ప్రొడ్యూసర్.

"గట్లయితే షో పేరు కూడ మార్చుండ్రి సార్. బండి తీసేసి మంది అని పెట్టుండ్రి" అనేదాన్ని.

ఆయన పడీపడీ నవ్వేవాడు. తిట్టినా నవ్వే మనిషితో గొడవ పెట్టుకోవడమంత దండగ పని ఇంకోటి లేదు. ఆ నవ్వు నవ్వుకుంటూనే ఒకరోజు, "ఈసారి నువ్వు కాదనలేవు. డ్రైవరన్న వస్తున్నడు" అన్నాడు.

డ్రైవరన్న అంటే తెలియనివాళ్లు లేరు. ఏ సినిమాలో అయినా హీరో జీపు నడిపేది, లారీ అడ్డం పెట్టి విలన్‌ని ఆపేది, ఆటోలో గర్భిణిని ఆసుపత్రికి చేర్చేది ఆయనే. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. అసలు పేరు ఆయన ఇంటివాళ్లకి కూడా గుర్తుందో లేదో. నిజం చెప్పాలంటే నాకూ సంబరమే అయింది. అందరిలోనూ ఇతనొక్కడు నాతో బండి గురించి మాట్లాడతాడనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం పొద్దున మల్కాజ్‌గిరి నుంచి ఆటోలో వచ్చాడు. మేమున్న చోటికి ఇంకా చాలా దూరం ఉండగానే దిగి, ఆటోవాణ్ని వెనక్కి పంపేసి, నడుచుకుంటూ వచ్చాడు. కెమెరాలు సర్దుతుంటే నన్ను చెట్టు చాటుకి పిలిచాడు.

"చెల్లే, ఒక్క మాట. బండి నువ్వే నడుపు. నేను పక్కకు కూసోని ముచ్చట చెప్త."

"గదేంది అన్నా? జనం నువ్వు నడుపుతుంటె చూద్దామని ఉన్నరు."

"నాకు నడుపరాదు చెల్లే."

నేను విన్నది సరిగా విన్నానో లేదో అనుకున్నాను. ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "ఫస్ట్ పిక్చర్ల డ్రైవింగ్ వస్తదా అని అడిగిండ్రు. వస్తదన్న. గంతే. బండిని ట్రాలీ మీద ఎక్కిస్తరు, ముంగట ఇంకో బండి గుంజుకపోతది. నేను స్టీరింగ్ అటిటు తిప్పుకుంట డైలాగ్ చెప్త. లేకుంటె పచ్చగుడ్డ ముంగట నిలవెట్టి, ఎన్కనుంచి మనుషులు బండిని ఊపుతరు. ఇన్నేండ్లల్ల క్లచ్చు తొక్కే అవసరమే రాలె."

నాకు నవ్వాగలేదు. ఎందుకు ఆగాలి? రాష్ట్రమంతా డ్రైవరనుకునే మనిషికి డ్రైవింగ్ రాదంటే ఎవరికి ఆగుతుంది?

"నవ్వకు చెల్లే" అన్నాడు. "నాకొచ్చేది గా ఒక్క వేషమే. హీరోకు తండ్రిగ నన్నెవడు పెట్టుకుంటడు? ఇది తెలిసిందంటె గా ఒక్కటి గూడ పోతది. ఎవ్వలకు చెప్పకు, నీ కాల్మొక్త."

చెప్పనని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా. ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లి బండి నేనే నడుపుతానన్నాను. "డ్రైవరన్నను పక్కసీట్ల కూసోవెడ్తవా? దిమాగ్ ఉన్నదా?" అన్నాడు. కొత్త మోడల్ కదా, గీత పడితే కంపెనీవాళ్లు ఊరుకోరని బుకాయించి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. అంతవరకు బాగానే ఉంది.

కానీ అది క్యాంపస్. హాస్టళ్లలోంచి పిల్లలు వచ్చేశారు. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు లైబ్రరీ ముందు పుస్తకాలు మూసేసి వచ్చారు. పక్కనే అడిక్‌మెట్‌లో అద్దె రూముల్లో ఉండేవాళ్లని కూడా ఎవరో ఫోన్లు చేసి పిలిపించారు. ఈలలు, కేకలు. "డ్రైవరన్నా, ఒక్క రౌండన్నా!" "అన్నను పక్కకు కూసోవెట్టిండ్రేందిరా, పెండ్లికొడుకును పందిరి బయట నిలవెట్టినట్టు!" వాళ్లకి ఆయన మీద నిజంగానే ప్రేమ. ఆ ప్రేమే ఆయన కొంప ముంచింది. శత్రువైతే తప్పించుకునేవాడు.

ఆయన దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చి తలుపు తీశాడు. "దిగు చెల్లే."

"అన్నా, వద్దు."

"ఇన్నేండ్లు చూసిన గద. పోతది తియ్."

నేను పక్క సీట్లోకి మారాను. ఆయన కూర్చుని, తువ్వాలు సర్దుకుని, అద్దంలోకి ఓసారి చూసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. గుంతల్లో పడి లేస్తున్నట్టు భుజాలు కూడా ఊపుతున్నాడు. బండి ఇంకా స్టార్టే చేయలేదు. తమాషా చేస్తున్నాడనుకుని పిల్లలు ఈలలు వేశారు. అక్కడితో ఆగిపోయినా బతికిపోయేవాడు. నేను తల వంచి, "ఎడమ కాలు కిందున్నది క్లచ్చు, నడిమిది బ్రేకు, క్లచ్చు తొక్కి తాళం తిప్పు" అని గొణిగాను. నా చున్నీకి మైకు పెట్టి ఉందన్న సంగతి నాకు గుర్తుంది, కానీ ఇంకేం చేయను? నోరు మూసుకుంటే చెట్టుకి గుద్దేవాడు.

రెండు మూడుసార్లు బండి ఎగిరి ఆగిపోయింది. ఆ తర్వాత ఎలా కదిలిందో కదిలింది. రోడ్డు తిన్నగా ఉంది, కర్ర పెట్టి గీసినంత తిన్నగా. ఆయన మాత్రం సినిమాలో తిప్పినట్టు స్టీరింగ్ అటు ఇటు, అటు ఇటు తిప్పుతూనే ఉన్నాడు. డ్రైవింగ్ అంటే ఆయనకు తెలిసింది అదే. బండి తాగినోడిలా ఊగుతూ ఫుట్‌పాత్ మీదికి లేచింది. వాకింగ్‌కి వచ్చిన పెద్దమనుషులు పంచలు పట్టుకుని గడ్డిలోకి దూకారు. నేను హ్యాండ్‌బ్రేక్ లాగాను.

వెనకనుంచి ఒకడు అరిచాడు: "అరే, డ్రైవరన్నకు డ్రైవింగ్ రాదురో!"

ఆ నవ్వు నేను జన్మలో మరిచిపోను. ఆయన కిందికి దిగి, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉండగా, తానూ నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు.

"ఇది వెయ్యకుండ్రి సార్, ఆ మనిషి బతుకు పోతది" అని ప్రొడ్యూసర్‌ని బతిమాలాను. "పాగల్ అయినవా? గిసొంటి సెగ్మెంట్ మళ్ల దొరుకుతదా?" అన్నాడు. నా గొణుగుడుకి కింద అక్షరాలు కూడా వేసి వదిలారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. తార్నాకలో చాయ్ తాగుదామని నిలబడితే పక్కవాడి ఫోన్లో నా గొంతే వినబడేది, "నడిమిది బ్రేకు" అని. మా అమ్మ "అయ్యో పాపం" అంటూనే మళ్లీ పెట్టమంది.

ఆయనన్నంతా అయింది. ఆయనకి నడపడం రాదని దర్శకులకి ముందే తెలుసు, వాళ్లకేం పట్టలేదు. పట్టింది జనానికి. అప్పటికే షూటింగ్ అయిపోయిన ఒక సినిమాలో, చావుబతుకుల్లో ఉన్న హీరో తల్లిని ఆయన జీపులో తీసుకెళ్లే సీన్ ఉంది. ఆయన స్టీరింగ్ పట్టుకోగానే హాలంతా గొల్లుమంది. తల్లి చచ్చిపోతుంటే జనం కడుపు పట్టుకుని నవ్వారు. రెండోరోజుకి ఆ సీన్ కోసేశారు. ఆ తర్వాత ఖాకీ చొక్కా ఇంకెవరికో వెళ్లింది.

కొన్నాళ్లకి డ్రైవరన్న తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే ముట్టలేదు. "నేర్పు చెల్లే" అన్నాడు.

నేర్పాను. అదే క్యాంపస్‌లో, అవే రోడ్ల మీద, పొద్దున్నే. నాది కర్కశమైన నోరు. "కాళ్లు కిరాయికి తెచ్చుకున్నవా అన్నా? తీగ తెగినట్టు క్లచ్చు గట్ల ఇడుస్తవేంది?" అని కసిరేదాన్ని. చుట్టూ పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడేవాళ్లు. ఆయన ఎవరివైపూ చూసేవాడు కాదు. స్టీరింగ్ ఊపే అలవాటు మాన్పించడానికే నా తాతలు దిగొచ్చారు. కానీ పట్టుదల ఉన్న మనిషి. లైసెన్స్ వచ్చింది. ఒక పాత కారు కొన్నాడు. ఓ రోజు నన్ను ఎక్కించుకుని రామంతాపూర్ దాకా, ఆదివారం సంత జనంలోంచి, వెళ్లి వచ్చాడు. ఒక్క కుదుపు లేదు. నాకంటే మెత్తగా నడిపాడు, ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు మండింది. "నవ్విన నాపచేనే పండుతదన్నా" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్కసారి టీవీల చూపియ్యాలె చెల్లే. నాకు వస్తదని జనానికి ఎరుకైతె చాలు, నా వేషం నాకొస్తది" అన్నాడు.

షోకి సినిమా చుట్టాలు వద్దు మొర్రో అని ఏళ్లతరబడి అరిచిన నేను, ఒక చుట్టాన్ని పిలవమని ప్రొడ్యూసర్ గదికి నడిచి వెళ్లాను.

ఆయన అంతా విన్నాడు. ఈసారి నవ్వలేదు. "మంచిగ నడుపుతుండా?"

"నాకంటె మంచిగ."

"అయితె ఏం లాభమమ్మా? మంచిగ నడిపేటోళ్లు సిటీల లచ్చల మంది ఉన్నరు. నడుపరానోడు ఒక్కడే ఉన్నడు." కాసేపు పెన్ను తిప్పి, మళ్లీ అన్నాడు. "వారం వారం రమ్మను. పర్మనెంట్ సెగ్మెంట్ ఇస్త. కాని నడుపరానట్టే చెయ్యాలె."

ఈ మాట డ్రైవరన్నకి చెప్పడం నాకు ఇష్టం లేదు. దాచిపెడదామనుకున్నాను, కానీ ప్రొడ్యూసరే ఫోన్ చేసి చెప్పాడు. డ్రైవరన్న మర్నాడు క్యాంపస్ గేటు దగ్గర కలిసి, "పని పనే గద చెల్లే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, అందుకని ఆయన మీదే చూపించాను. "మరి గిన్ని దినాలు నా పానం ఎందుకు తీసినవ్? నడుపుడు రాకముందే మంచిగుండె గద!" అన్నాను.

ఆ సెగ్మెంట్ ఇప్పటికీ నడుస్తోంది. వారం వారం ఆయన బండి ఆపేస్తాడు, వైపర్ వేయబోయి హారన్ కొడతాడు, తిన్నటి రోడ్డు మీద పాములా వెళ్తాడు, నేను పక్కన కూర్చుని తల కొట్టుకుంటాను. నాకు ఆయన ఎడమ పాదం కనిపిస్తుంది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఆ కాలికి ఖాయంగా తెలుసు. సరిగ్గా అక్కడికి తెచ్చి, కావాలని దాటించి వదిలేస్తుంది. అంత కష్టమైన నటన ఆయన ఏ సినిమాలోనూ చేసి ఉండడు. బండి గురించి నేను మాట్లాడే భాగం వారం వారం అరుగుతూ వచ్చింది. "ఇగ సెగ్మెంట్ ఉండాల్నా వద్దా అన్నది కాదమ్మా, బండి ఉండాల్నా వద్దా అని ఆలోచిస్తున్న" అన్నాడు ప్రొడ్యూసర్ మొన్న.

పోయిన వారం షూటింగ్ అయ్యాక డ్రైవరన్న తన కారులో నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నాడు. తార్నాక సిగ్నల్ దాకా పువ్వులా తెచ్చాడు. రెడ్ పడింది. పక్కన బైకు మీద మొగుడూ పెళ్లామూ, వాళ్ల మధ్య ఓ చిన్నపిల్ల. ఆ పిల్ల చూసి, "అమ్మా, డ్రైవరన్న!" అని కేక పెట్టింది. తల్లి ఫోన్ తీసి పట్టుకుంది. గ్రీన్ పడింది. బైకు కదలలేదు, ముగ్గురూ మావైపే చూస్తూ ఉన్నారు. డ్రైవరన్న వాళ్లని చూశాడు. ఆయన ఎడమ కాలు ఒక్కసారిగా లేచింది. కారు ఎగిరి ఆగిపోయింది. పిల్ల చప్పట్లు కొట్టింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. వెనక కారువాడు తల బయటపెట్టి, "నడుపరానోనికి బండెందుకురా నీకు!" అని తిట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అద్దం దించి, ఆయనకి వచ్చు, నీకంటే బాగా వచ్చు అని అరవబోయాను. డ్రైవరన్న గబుక్కున నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అనకు చెల్లే" అన్నాడు. "నోటికాడి బుక్క పోతది."