గిన్నెలో మిగిలిన పెట్రోలు

అనంతపురం జిల్లాలో నీళ్ల మీద పోయే బండి కొన్నామంటే జనం నవ్వక ఏం చేస్తారు? ముదిగుబ్బ నుంచి పనిగట్టుకుని వచ్చి మరీ నవ్వి పోయారు. ఎనిమిది లావు చక్రాలు, తొట్టి లాంటి ఒళ్లు. బురదలో నడుస్తుంది, నీళ్లలోకి దిగితే ఆ చక్రాలే తెడ్లవుతాయి. మా చెరువులో చేపల గుత్త పాడుకున్నాం కాబట్టి అన్న దాన్ని పాత బండ్ల వేలంలో పట్టుకొచ్చాడు.

ఆ వేలంలోనే ఇంకొకటి ఉండింది, కార్బురేటర్ లేని ఇంజెక్షన్ ఇంజన్ది. నేను దాని కోసమే పట్టుబట్టాను. తాళం తిప్పితే చాలు, పంపు తనంతట తానే పెట్రోలు అందిస్తుంది, బండి ఒక పక్కకు వాలినా ఇంజన్ తడబడదు. అన్న వింటేగా! మోపెడ్ల షెడ్డు నడిపే మనిషి. కార్బురేటర్ మీద ఈగ వాలనివ్వడు.

“నీళ్ల నడుమ నీ కంప్యూటర్ తడిసిందనుకో, ఎవున్ని పిలుస్తావురా? బ్యాటరీ సచ్చినా నాది తాడు లాగితే లేస్తాది. నలుసు పడితే కార్బురేటర్ గిన్నె విప్పి ఊదుకుంటా.”

“చెరువు నడుమ కూచోని విప్పుతావా అన్నా?”

“నోర్ముయ్.”

మా ఇంట్లో ఏ చర్చయినా అక్కడితో సరి. నాకు ఒళ్లు మండేది.

మా చెరువు ఏనాడూ సగానికి మించి నిండి ఎరగదు. అందుకే గొర్రెల మందలను దాని కడుపులోకే తోలి, నడిమి దిబ్బ మీద మేపడం ఇక్కడ మామూలు. వానకు ఎదురుచూడటమే తప్ప వానకు భయపడటం మాకెవరు నేర్పారు? ఆ రోజు మా ఊరి మీద చుక్క కూడా పడలేదు. ఎగువన ఎక్కడో కురిసింది. మధ్యాహ్నానికి ఎర్రటి నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి దిబ్బను చుట్టేశాయి. నిండిన చెరువు పొర్లిపోయే మరువ మీద అప్పటికే నీళ్లు దూకుతున్నాయి. దిబ్బ మీద గొర్రెల తాత ఒక్కడే ఉన్నాడు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. తాతకు ఈత రాదు. మాలో ఎవరికి వచ్చు గనక?

అన్న బండిని గట్టుకు తెచ్చి ఆపాడు. తాళ్లూ, గాలి నింపిన ట్యూబులూ తేవడానికి ఇద్దరం షెడ్డుకు పరుగెత్తాం. బండి దగ్గర నాయన నిలబడ్డాడు. ఆపిన బండి ఏది కనిపించినా వంగి, ట్యాంకు నుంచి పెట్రోలు వదిలే కాక్ మూయడం ఆయన చేతికి అలవాటు. ఈ ఎండలకు పెట్రోలు ఆవిరైపోతుందని ఆయన ఈడువాళ్లందరికీ ఆ వాటమే. మేము తిరిగొచ్చేలోపు ఆ చెయ్యి తన పని తాను చేసేసింది. మేము చూడలేదు. మూసినట్టు ఆయనకూ తెలియదనే అనుకుంటాను.

ఒక్క లాగుకే ఇంజన్ లేచింది.

“సూసినావా?” అన్నాడు అన్న. ఏం చూశాను నా మొహం! కాక్ మూసి ఉన్నా కార్బురేటర్ గిన్నెలో కొంచెం పెట్రోలు మిగిలే ఉంటుంది. బండి లేవడానికీ కొంత దూరం పోవడానికీ అది చాలు. ఇంజెక్షన్ బండిలో మూయడానికసలు కాకే ఉండదు.

సగం దూరం పోయాం. తాత మోకాళ్ల లోతులో నిలబడి అరుస్తున్నాడు. “ఏమప్పా, ముందు పిల్లల్ని ఎత్తుకోండి, నేను ఆనెంక వస్తా!” గొర్రెపిల్లల గురించి ఆయన గోల. అప్పుడే ఇంజన్ గొంతు సన్నబడింది. ఒకసారి దగ్గింది, ఆగిపోయింది. ఆ తర్వాత మరువ హోరు ఒక్కటే వినిపించింది. బండి మెల్లగా అటే తిరిగింది.

అన్న తాడు లాగాడు, మళ్లీ లాగాడు. నలుసే అనుకున్నాడు. స్పానరు తీసి గిన్నె విప్పాడు. లోపల పొడిగా ఉంది. నా వైపు చూసి, సీటు కింద చెయ్యి పెట్టి కాక్ తడిమాడు. మూసి ఉంది. అన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. గిన్నె బిగించడం మొదలుపెట్టాడు. బిగించబోతే తడికి మర జారేది. “బిరీన కానీ అన్నా, బిరీన!” అని అరిచాను. బండి కొట్టుకుపోయి తుమ్మ కొమ్మల్లో ఇరుక్కోబట్టి మేమైనా మిగిలాం.

కాక్ తెరిచి తాడు లాగితే ఇంజన్ లేచింది. మేము వెనక్కి తిరిగేసరికి దిబ్బ లేదు. గొర్రెలు తలలు పైకెత్తి గుండ్రంగా ఈదుతున్నాయి. తాతా, తాతా అని గొంతు పోయేదాకా పిలిచాం. పలకలేదు. చేతికందిన పిల్లల్ని ఎత్తి బండిలో వేసుకున్నాం. ఏడుపు ఆగలేదు నాకు.

గట్టున ఊరంతా ఉంది. నాయన ముందుకొచ్చాడు.

“నడుమ ఏమాయెరా?”

అన్న నా వైపు చూడలేదు. “గిన్నెలో నలుసు పడింది నాయనా. పాడు కార్బురేటరు. తమ్ముడు చెప్పినట్ల ఇంజెక్షన్ది తెచ్చింటే తాత బతికుండేవాడు.”

నాయన బండి సీటు వైపు చూశాడు.

“కాక్ తెరిసే ఉన్నిందా?”

“తెరిసే ఉన్నింది.”

నాయన తలూపి ఇంటి దారి పట్టాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఇప్పటిదాకా. ఎప్పుడు ఎత్తుతాడోనని కాదు నా భయం. అడగాల్సిన అవసరమే ఆయనకు లేదేమోనని.