కొట్లాడినోళ్లకే పని

కరోనా కాలంలో ఉధ్నాలోని మా సాంచాల, అంటే మరమగ్గాల, కుటుంబాల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాయన ఆడవాళ్ల మాటకు ఎంతో విలువిచ్చేవాడని అందరూ అంటారు. ఒట్టిమాట. ఎవరు కొట్లాడితే వాళ్ల నెత్తినే పని పెట్టడం ఆయన అలవాటు. చాయ్ చల్లారిందన్న పాపానికి ఒకామెకు ఏడాదంతా చాయ్ పని అప్పగించాడు.

లాక్‌డౌన్ సడలాక, రాబోయే ఐదేళ్లలో సంఘం ఏం చేయాలో తేల్చడానికి మేడమీద కూర్చున్నాం. ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి, "ముందుగాల ఫంక్షన్ హాల్ కడదాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "బడి బందై పిల్లలు సాంచాల మీద పనికి పోతున్నరు. మీకేమో పెండ్లి భోజనాలు యాదికొస్తున్నయా అన్నా?"

"గట్లనా? అయితే పిల్లల సదువు సంగతి నువ్వే చూడు చెల్లె," అంటూ చేతులు జోడించాడు. నేను నోరు తెరిచేలోపే అందరూ చప్పట్లు కొట్టారు.

"జర నోరు మూసుకుంటే అయిపోతుండె గదనే" అన్నాడు ఇంట్లో మా ఆయన.

బడులు తెరిచేదాకా ఆ మేడమీదే పాఠాలు చెప్పాను. చాలామంది పిల్లలు మళ్లీ బడికి పోయారు. ఫంక్షన్ హాల్ ఊసు మాత్రం అధ్యక్షుడు మళ్లీ ఎత్తనేలేదు.

ఇంతకీ ఆయనకు నిజంగా హాలే కావాలా, లేక నేను ఊరుకోనని తెలిసే ఆ మాట అన్నాడా?