బాల్సం నిండుకున్న ఏడాది

అరవైల మొదట్లో అనంతపురంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. బెళుగుప్ప దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చినదాన్ని. పిల్లలు మైక్రోస్కోపులో చూడడానికి స్లైడులు తయారుచేసి పెట్టడం నా పని. ఆకునో కాండాన్నో పలచగా కోసి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క ద్రవం వేసి, పైన సన్నని గాజు బిళ్ళ మూయాలి. కోయడం నెమ్మదిగా చేతికి వస్తుంది. ఆ చుక్క ఏది వేయాలన్నదే తంటా.

మా శాఖ పెద్ద సారు రాయదుర్గం ముస్లిం కుటుంబంవారు. ఆయనకు చుక్క అంటే కెనడా బాల్సమే. ఎక్కడో చలిదేశపు చెట్టు బంక అది, తేనె రంగులో ఉంటుంది. ఎండిందంటే ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. కానీ ముక్కలో కాస్త తడి ఉన్నా పాలలా తెల్లబడిపోతుంది. అందుకని తడినంతా ఆల్కహాలుతో లాగేసి, లవంగ నూనెలో ముంచి, అప్పుడు బాల్సంలో పెట్టేవాళ్ళం. ఆ నూనె వాసన నా చీరలకు పట్టేసింది. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు, పన్ను నొప్పి తగ్గిందా అమ్మా అని అడిగేవారు.

ఆ ఏడాది విదేశాల నుంచి సరుకు రావడం లేదని మద్రాసు దుకాణంవాళ్ళు చెప్పారు. మా సీసా అడుగున మిగిలింది బెల్లం పాకంలా చిక్కబడి ఉంది. పరీక్షలేమో దగ్గరపడ్డాయి. నేను దిగులుగా కూర్చుంటే సారు సీసా తీసి బీరువాలో పెట్టి, "పుస్తకాలు రాసినోళ్ళకి మన ఎండ తెలీదమ్మా. ఈడ ఏది నిలుస్తాదో మనమే చూద్దాం" అన్నారు.

గ్లిజరిన్ జెల్లీ కాచి కొన్ని స్లైడులు చేశాను. పని సులువు, తడి ముక్కనైనా పెట్టుకోవచ్చు. పడమటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టి అన్నానికి వెళ్ళి వచ్చేసరికి జెల్లీ కరిగి, మూతలన్నీ పక్కకు జారిపోయి ఉన్నాయి. తర్వాత లాక్టోఫినాల్ అనే చిక్కటి మందు ద్రవం వేసి చూశాం. అది ఎండకు జంకలేదు గానీ, ఎప్పటికీ గట్టిపడదు కాబట్టి మూత చుట్టూ అంచు మూయాలి. కొవ్వొత్తి మైనం మెత్తబడి ఊడిపోయింది. హాస్టలు పిల్లలు గోళ్ళకు వేసుకునే రంగు పనికొస్తుందేమోనన్నాను. తీరా అన్నాక దుకాణానికి వెళ్ళి అడగడానికి సిగ్గుపడ్డాను. అప్పటికి దాన్ని వేసుకుని ఎరుగను.

సారే వెళ్ళారు. గాజుల అంగడాయన తెలిసినవాడేనట. తెల్లగడ్డం మనిషి గోళ్ళ రంగు అడిగేసరికి, ఎవరికి సారూ అన్నాడట. గాజులకు అన్నారట ఈయన. గాజులకు రంగేంది సారూ అని వాడు నోరు తెరిచాడట. ఆ మాట మాకు చెబుతూ సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. ఎరుపు ఒక్కటే దొరికింది. ఆ ఏడు మా స్లైడులన్నీ ఎర్ర అంచుతోనే పరీక్షకు వెళ్ళాయి.

వానలు పడ్డాక ఒకరోజు నాయన కాలేజీకి వచ్చాడు. తువ్వాలులో వేరుశనగ ఆకులు మూటగట్టి తెచ్చాడు. ఆకుల నిండా నల్లమచ్చలు. చేను చేనంతా ఆకు రాలుస్తోందని చెప్పి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. సారు లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

బీరువాలో ఆ కాస్త బాల్సం ఉంది. కానీ ఆల్కహాలులో పెడితే ఆకు పచ్చదనమంతా పోతుంది. నాయన తన చేనిలో ఉన్న ఆకును ఉన్న రంగులోనే చూడాలనిపించింది నాకు. మచ్చ అడుగున గీకి, లాక్టోఫినాల్ చుక్కలో పెట్టాను. పక్కనే పచ్చటి ఆకు పీలిక కూడా ఉంచాను.

మొదట నాయనకు తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. సర్దుకున్నాక చాలాసేపు కదల్లేదు.

"చీపురు పుల్లలు మాదిరి ఉండాయి. ఇవి బతికి ఉండాయా?"

"మందులో వేసినాను గదా నాయనా, చచ్చిపోయినాయి."

"చేన్లో ఉండేటివి?"

"అవి బతికే ఉండాయి."

మళ్ళీ వంగి చూశాడు. "ఇన్నేండ్లూ ఎండకు మాడిన మచ్చలనుకుంటి" అన్నాడు మెల్లగా. అది బూజు జాతిదని, గంధకం పొడి చల్లమని సారు చెప్పారు. ఎప్పుడు, ఎట్లా చల్లాలో నాయన రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. బస్‌స్టాండు దాకా తోడు వెళ్ళాను. బస్సు ఎక్కుతూ, నీ పని మంచి పనేనమ్మా అన్నాడు. అంతకుముందు నా ఉద్యోగం గురించి ఆయన ఏమీ అని ఎరుగడు.

గంధకం చల్లిన సగం చేనులో ఆకు నిలిచింది. ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. ఆకు నిలిచిన చేనులోనూ కాయ ఊరలేదు. మందు పని చేసిందనీ వానే చేయలేదనీ నాయన ఊరంతా చెప్పాడట. ఆ మాట విని చుట్టుపక్కల రైతులు ఆకులు పట్టుకుని మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. సారు వరండాలో వాళ్ళకోసం ఒక బెంచీ వేయించారు.

చలికాలంలో నాయన మళ్ళీ వచ్చాడు, పండిన ఆ కాసిని కాయల్లో కొన్ని వేయించుకుని. ల్యాబులో ఏమీ తినకూడదన్నది సారు పెట్టిన నియమమే. ఆయనే లేచి తలుపు దగ్గరగా వేసి, బల్ల మీది పలకలు పక్కకు జరిపారు. ముగ్గురం కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. గింజలు ముడతలు పడి చిన్నవిగా ఉన్నాయి. తియ్యగా ఉండాయప్పా అన్నారు సారు. నాయన మరో గుప్పెడు తీసి ఆయన ముందు పోశాడు.