ఒకే పేరున్న హాజరు పట్టిక

తార్నాకలో జిరాక్స్ షాపు ముందు నిలబడితే, మిషన్లోంచి అప్పుడే బయటికొచ్చిన వెచ్చటి కాగితం వాసనకి ఇప్పటికీ నకళ్లు జోడించి ఇచ్చిన నా మొదటి కాలేజీ ఫారం గుర్తొస్తుంది. ఆదివారాలు పదో తరగతి, ఇంటరు పిల్లల్ని ఆ పక్క గదిలో కూర్చోబెట్టుకుని కాలేజీ ఫారాలూ స్కాలర్‌షిప్ ఫారాలూ నింపిస్తుంటాను. ఇవాళ స్కాలర్‌షిప్‌కి ఆఖరి రోజు. పదింటికి రావాల్సిన నవ్య పదకొండైనా రాలేదు, ఫోనెత్తడం లేదు. లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. ఆ వాసన మాత్రం నన్ను వెనక్కి లాక్కుపోతూనే ఉంది.

మా నాన్న యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసేవాడు, క్యాంపస్ చివర క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఎండాకాలం రాలే వేపపూత, నాన్న చొక్కాని అంటుకుని ఇంటికొచ్చే పోపు వాసన, తొలి వానకి ఎర్రమట్టి మీద పారే నీళ్లు, ఆషాఢంలో బోనాల డప్పులు, అమ్మ కొత్త కుండలో వండే బెల్లపన్నం, వాకిట్లో చింతగింజలతో అష్టాచెమ్మా ఆడుతూ తొండి చేసే పక్కింటి పిల్లలు, ఇవన్నీ నేను ఎక్కువగా కిటికీలోంచే చూశాను. నాకు ఉబ్బసం. బడి దుమ్ముకి రెండుసార్లు ఆస్పత్రి పాలయ్యాక, మూడో తరగతి నుంచి అమ్మే చదువు చెప్పింది.

పొద్దున్నే దీపం పెట్టి, నాచేత దండం పెట్టించి, గీతల నోట్‌బుక్కు తెరిచి గంభీరంగా "యశోదా" అని పిలిచేది. నేను లేచి నిలబడి "ప్రెజెంట్ అమ్మా" అనాలి. ఒకే పేరున్న హాజరు పట్టిక అది. దగ్గుతో మంచం దిగని రోజున ఏ మొహమాటం లేకుండా ఆబ్సెంట్ వేసేది. మళ్లీ ఆ చేత్తోనే నా వీపు రాసేది. ఆ చేతికి దేవుడు ఎంత ఓపిక ఇచ్చాడో!

ప్రైవేటుగా పది పాసయ్యాను. స్కాలర్‌షిప్ వస్తేనే కాలేజీ అని ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. లేడీస్ హాస్టల్లో ఉండి పరిశోధన చేసే సరళక్క ఆదివారాలు బయట రాతిబెంచీ మీద కూర్చుని, జిగురు సీసా, దారం పక్కన పెట్టుకుని, క్వార్టర్ల పిల్లలందరి ఫారాలూ నింపించేది. ముందు పెన్సిల్‌తో రాయాలి, ఆమె చూశాకే పెన్ను. నేను ఆగలేక ఇంటి దగ్గరే పెన్నుతో నింపేశాను. 'గత ఏడేళ్లలో చదివిన పాఠశాల' అన్నచోట ఏడు గడులుంటే, ఏడింట్లోనూ 'మా ఇల్లు' అని రాశాను.

కాలేజీ గుమాస్తా పక్కవాళ్లకి చూపించి మరీ నవ్వాడు. "ఏంది పాపా, బడిని ఇంటికే తోలుకొచ్చుకున్నవా? బడి ఇచ్చే బోనఫైడ్లు లేకుంటే నాన్‌లోకల్. స్కాలర్‌షిప్ రాదు."

"పుట్టింది గీడ, పెరిగింది గీడ, నాన్‌లోకల్ ఏంది సార్?" అంది అమ్మ. అతను ఫారం వెనక్కి తోశాడు.

ఆ ఆదివారం నేను బెంచీ దగ్గరికి పోలేదు. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. మధ్యాహ్నం వానలో తడుస్తూ సరళక్కే వచ్చింది.

"ఏందే, ఆబ్సెంటా?"

ఆ మాటకి ఏడుపొచ్చింది. ఫారం చూపించాను. ఆమె నవ్వలేదు. "అబద్ధం రాయలేదు గద, కొట్టెయ్యకు. ఇంట్ల చదివినోళ్లకు ఏడేళ్లు గీడనే ఉన్నట్టు నివాస పత్రం ఉంటే చాలు." అమ్మ వైపు తిరిగి, "చిన్నమ్మా, గా హాజరు బుక్కులన్ని మూట కట్టు."

మర్నాడు మండలాఫీసులో అధికారి ఆ పుస్తకాలు ఒక్కొక్కటే తిప్పాడు. బయట డప్పులు మోగుతున్నాయి. ఒక పేజీ దగ్గర ఆగి, "ఇంట్లోనే ఉండి ఆబ్సెంట్ ఏందమ్మా?" అన్నాడు.

"దగ్గుతోని లేవకుంటే ఆబ్సెంటే గద సార్."

ఆయన పుస్తకం మూశాడు. ఇంత నిక్కచ్చిగా అబద్ధాలు రాసేవాళ్లుండరని తన పక్కనున్న గుమాస్తాతో అని, విచారణకు క్వార్టర్లకు మనిషిని పంపాడు. సాయంత్రానికి నివాస పత్రం మీద సంతకం పెట్టాడు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, కూల్చేశారు. రాతిబెంచీ ఉన్నచోట బైకులు పెడుతున్నారు. జిగురు సీసాలు పోయాయి, పెన్సిల్‌తో ముందు రాసుకునే వీలూ పోయింది. ఫారం తెర మీదికొచ్చింది, కాసేపు ఆలోచిస్తే అదే మూసుకుపోతుంది. సరళక్క ఎక్కడుందో తెలియదు, రోజూ దీపం దగ్గర ఆమె పేరు తలుచుకుంటాను.

పన్నెండు కావస్తోంది. పిల్లల కోసం నేను పెట్టుకున్న నోట్‌బుక్కు తీసి, నవ్య పేరు పక్కన ఆబ్సెంట్ వేయబోయాను. పెన్సిల్ గడి దాకా వెళ్లి ఆగింది. గడి అలాగే వదిలేసి, ఆ పిల్ల కాగితాలన్నీ సంచిలో వేసుకుని, రామంతాపూర్‌లో వాళ్లింటికి ఆటో ఎక్కాను.