దాపటి ఈక, వలపటి ఈక

నేను కనిపెట్టిన ఈకల కిటుకును మా తోడల్లుడు పదిమంది ముందు తనదని చెప్పుకున్నాడు. చెబుతున్నప్పుడు నేను అక్కడే, వెనక వరసలో నిలబడి ఉన్నాను.

ఆయన మా ఆవిడ అక్క మొగుడు. నాకంటే రెండేళ్లు పెద్ద. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. నేను చెరుకు రైతును. బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. మిగతా చదువంతా గోవాడ చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్ల వరసలో కూర్చుని, పకోడీ పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నదే. అత్తవారింట్లో మొదటిసారి ఇద్దరం కలిసిన రోజున మా అత్తగారు ఆయనకు కుర్చీ వేసి, నాకు చాప పరిచింది. నలభై ఏళ్లు దాటింది. ఆ కుర్చీ చేతుల మీద ఎర్ర రంగు ఎక్కడ లేచిపోయిందో ఇప్పటికీ చెప్పగలను.

చోడవరం శివారు మైదానంలో సాయంత్రాలు విలువిద్య నేర్పుతున్నారని తెలిసి ముందు చేరింది ఆయనే. మా ఆవిడ ఊరుకోలేదు. "బావ ఎళ్తన్నాడు, నువ్వూ ఎల్లు. మోకాళ్లయినా కదుల్తాయి" అంది. వెళ్లాను. నేర్పే అమ్మాయికి ముప్ఫై ఏళ్లుంటాయి. ఆయన్ని "సార్" అనేది, నన్ను "తాతగారూ" అనేది. వయసు ఎవరిది ఎక్కువో ఆ పిల్లకి ఎవరు చెప్పాలి?

ఆయన నల్లటి కార్బన్ బాణాలు కొన్నాడు. పెట్టె జిప్పు లాగితే చాలు, అందరూ మూగేవారు. నేను మైదానంలో ఉన్న అరువు బాణాలతో వేసేవాణ్ని. ఆ జిప్పు చప్పుడు ఇంటికి వచ్చాక కూడా నా చెవుల్లో ఉండేది. ఒకరోజు పట్టుదల వచ్చింది. కొనుక్కున్న బాణం ఎవడైనా వేస్తాడు, నా బాణం నేనే చేసుకుంటాను అనుకున్నాను.

పుల్లలు నాకు కష్టం కాలేదు. సన్న వెదురు తెచ్చి నీడన ఆరబెట్టి, బెల్లం వండే పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద వేడి చేసి, వంకర ఉన్నచోట బొటనవేలితో నొక్కి తిన్నగా చేశాను. చిక్కంతా ఈకల దగ్గరే వచ్చింది. బాణం తోకకు మూడు ఈకలు కట్టాలి. రోలుగుంట దారిలో టర్కీ కోళ్లు పెంచే ఇంటికి వెళ్లి, రాలిన రెక్క ఈకలు సంచీ నిండా ఏరి తెచ్చాను. ఒక్కో ఈకను నడిమికి చీల్చి, తుమ్మబంకతో అతికించి, మా ఆవిడ కుట్టుదారంతో చుట్టాను.

బాణాలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. వదిలితే తాగినవాడి నడక. ఒకటి గోల్ పోస్టుకి తగిలింది. తోడల్లుడు నవ్వుతూ, "తమ్ముడూ, అది బాణమా, కోడా? దిగడానికి సోటు సూసుకుంటన్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

తప్పు ఎక్కడుందో నెల రోజులు తెలియలేదు. నేను నాగలి పట్టినవాణ్ని. కాడికి దాపట ఒక ఎద్దు, వలపట ఒక ఎద్దు ఉంటేనే బండి తిన్నగా పోతుంది. బాణానికీ అంతేననుకుని ఎడమ రెక్క ఈక ఒకటి, కుడి రెక్క ఈక ఒకటి చూసి చూసి జత కట్టాను. మూడోది ఏది దొరికితే అది. అంత శ్రద్ధగా చేసిన తప్పు అది.

ఒకనాడు సంచీలో ఎంత వెతికినా కుడి ఈక చేతికి తగలక, విసుగొచ్చి మూడూ ఎడమవే కట్టేశాను. ఆ బాణం పెరట్లో గురికి పెట్టుకున్న గడ్డిమోపు నడిమధ్య దిగింది. మళ్లీ వేశాను. మళ్లీ దిగింది. అరుగు మీద కూర్చుని ఈకలన్నీ పరిచి చూస్తే తెలిసింది. ఏ రెక్క ఈక ఆ పక్కకే వంగి ఉంటుంది. మూడూ ఒకవైపు వంగితే బాణం బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోతుంది. కలిపి కడితే ఒకటి ఇటు తిప్పుతుంది, ఇంకొకటి అటు లాగుతుంది. ఎవరూ చెప్పలేదు. ఏ పొట్లం కాగితంలోనూ చదవలేదు. ఈకలను రెండు డబ్బాల్లో వేరుచేసి పెట్టాను.

టీకి వచ్చిన తోడల్లుడు డబ్బాలు చూశాడు. "ఇయ్యేటి, రెండెందుకు?" అని అడిగాడు. గొప్ప కోసం ఒక్కో డబ్బాలోంచి ఒక్కో ఈక ఆయన చేతిలో పెట్టి మొత్తం చెప్పేశాను. అది నా బుద్ధి తక్కువ.

మూడో రోజు నేను మైదానానికి వెళ్లేసరికి ఆయన చేతిలో ఆ రెండు ఈకలున్నాయి. కొత్తగా చేరినవాళ్లకి ఎడమ, కుడి తేడా చూపిస్తున్నాడు. "నేను గమనించిందేమిటంటే" అని మొదలుపెట్టాడు. చివర్లో చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా రెండుసార్లు కొట్టాయి, అదే నాకు ఎక్కువ మంట.

ఇంటికొచ్చి గోల పెడితే మా ఆవిడ, "అక్కడ మూగోడివై, ఇక్కడ నా మీద అరుత్తావేటి?" అంది. నిజమే. అందుకే ఆయనకు ఉత్తరం రాశాను. కాగితం రెండు వైపులా నిండింది. ఈకలు, చప్పట్లు, కుర్చీ, చాప, అన్నీ రాశాను. ఆ కిటుకు నాదని అందరి ముందూ చెప్పమన్నాను. మా ఆవిడే తీసుకెళ్లి వాళ్లక్క చేతిలో పెట్టింది.

పదకొండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నేను మైదానానికి వెళ్లడం మానేశాను. పన్నెండో రోజు పెరట్లో ఈకలు అతికిస్తుంటే ఆయన వచ్చాడు. నేను కుర్చీ చూపించలేదు. అటూ ఇటూ చూసి గోనె మీద కూర్చున్నాడు. డబ్బాలోంచి ఒక ఈక తీసి వేళ్ల మధ్య తిప్పుతూ అన్నాడు:

"నీ పేరు సెబుదామనే ఈకలట్టుకెళ్లేను తమ్ముడూ. ఈలోగా ఆ అమ్మాయి 'మీరు కనిపెట్టేరా సార్?' అనేసింది. అన్నేళ్లు బ్యాంకులో సేసేను, ఆ మాట నన్నెవరూ అడగలేదు. అవునన్నాను. సోమవారం అందరి ముందూ నీదని సెప్తాను, నువ్వు ముందు వరసలో కూకో. కుర్చీ సంగతి మాత్రం నాకు గుర్తే లేదు, ఒట్టు. అది కూడా నేనే తెచ్చి ఏస్తాన్లే."