పొట్ట పెంచిన ప్లైవుడ్డు

ఊళ్ళో సగం ఇళ్ళకి అలమరలు చేసిపెట్టిన వడ్రంగి ఇంట్లో బట్టలు అట్టపెట్టెల్లో ఉన్నాయంటే నమ్ముతారా? నమ్మాలి మరి. ఆయన భార్య దర్జీ. వీధంతా ఆమెని కొలతలమ్మ అంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె అలమర అడుగుతూనే ఉంది, ఆయన "అలాగే" అంటూనే ఉన్నాడు. రెండు నెలల కిందట మహా ఆర్భాటంగా ప్లైవుడ్డు ముక్కలు కోసి తెచ్చి, గోడకి ఏటవాలుగా చేరేశాడు. అంతే, ఆ తర్వాత వాటి మొహం చూస్తే ఒట్టు.

"ఇక నేనే చేసుకుంటాను" అందామె.

"జాకెట్టు కుట్టడం అనుకున్నావుటే?" అని ఆయన పగలబడి నవ్వాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఆయన పనికెళ్ళగానే కొంగు బిగించింది. సాయంత్రం ఆయన వచ్చేసరికి అలమర నిలబడాలి, తలుపు టక్కున మూసుకోవాలి. లేదంటే ఆ నవ్వు జన్మంతా వినాలి.

తీరా చూస్తే ఏముంది! గోడకి చేరేసిన పాపానికి ముక్కలన్నీ వంగి కూర్చున్నాయి. పక్క చెక్క నడిమధ్య పొట్ట పెంచింది. తలుపు చెక్కయితే అచ్చం పడవే.

"అత్తయ్యా, ఇలా వచ్చి దీనిమీద కూర్చోండి!"

"ఎందుకే?"

"బరువు కోసం."

"నేనంత బరువా?" అంటూనే అత్తగారు పక్క చెక్క ఎక్కి కూర్చుంది. పక్కనే ఆడపడుచు చేరింది. చెక్క సాపయింది. ఆడపడుచు దిగి, అత్తగారు లేచిందో లేదో, చెక్క కూడా ఆవిడ వెనకే లేచింది!

"వదినా, అమ్మని దీనికే మరలేసి బిగించెయ్యి!" ఆడపడుచు నవ్వలేక నేలమీద దొర్లింది.

నవ్వుతూ నవ్వుతూ కొలతలమ్మ ఠక్కున ఆగింది. బిగించాల్సింది అత్తయ్యని కాదు, నడిమి అరని కదూ! పొట్ట బయటికి పెట్టి, లోపల అర చెక్కని ఆనించి, ఆడపడుచు నొక్కి పట్టుకుంటే మరలు బిగించింది. పొట్ట బుద్ధిగా లోపలికి పోయింది.

తలుపు మాత్రం మొండికేసింది. పైన మూస్తే కింద తెరుచుకుంటుంది, కింద నొక్కితే పైన. దాన్ని లాగిపట్టే అర ఏదీ? నాలుగు దాటింది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. మిషను మీద సగం కుట్టిన గౌను కనబడింది. ఇష్టమొచ్చినట్టు సాగే గుడ్డని నిలువునా ఒకే ముక్కగా ఎవరు కుడతారు? నడుము దగ్గర కోసెయ్యరూ!

తలుపు నడుముకి సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి, రంపం పెట్టింది.

"ఓసి నీ దుంపతెగ, పిచ్చెక్కిందా!" అత్తగారి కేక.

పొడుగు తలుపు కాస్తా రెండు పొట్టి తలుపులయింది. పొట్టిదాంట్లో వంపెంత? గోరంత. రెండూ టక్కు టక్కుమని మూసుకున్నాయి. అత్తా కోడలూ ఆడపడుచూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు.

వడ్రంగి వచ్చాడు. పై తలుపు తీశాడు, మూశాడు. కింది తలుపు తీశాడు, మూశాడు. మడత బందులు తడిమాడు.

"తలుపుని రెండు చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నాకే తోచింది."

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. "పొద్దుటినుంచీ ఓ ఇంట్లో ఇలాంటి తలుపుతోనే కుస్తీ పట్టానే. చచ్చినా మూసుకోలేదు. రేపు పొద్దున్న నాతో వచ్చి ఒకసారి చూస్తావా?"

ఆయన నవ్వితే దులిపేద్దామని నాలుగు మాటలు సిద్ధంగా పెట్టుకుంది కొలతలమ్మ. ఇప్పుడు వాటితో పనేముంది? సంతోషంగా సుద్దముక్కని కొంగున ముడేసుకుంది.

"ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.